పడుగు రోజు అన్నం

మా ఇంట్లో జొన్న రొట్టె కాల్చడం మానేశాను. పిండి డబ్బా అటక ఎక్కింది. మా ఆయన రెండు మూడు రోజులు గమనించలేదు. గమనించాక, "ఏం పద్మా, ఆరోగ్యం మీద అలిగినవా?" అని ఎగతాళి చేశాడు. నాకు నవ్వు రాలేదు. అనసూయక్క మా ఇంటి నుంచి వెళ్ళిపోయిన దగ్గరనుంచి ఆ పిండిలో చేయి పెట్టబుద్ధి కావడం లేదు. పాపం, జొన్నలు ఏం చేశాయి? చేసిందంతా నేను.

అనసూయక్క నా తోడబుట్టింది, నాకంటే చాలా పెద్దది. పుట్టిందీ మెట్టిందీ గద్వాలలోనే. మగ్గం ఇంట్లో పుట్టి మగ్గం ఇంటికే కోడలుగా వెళ్ళింది. నేను చదువుకుని టీచరునై, పెళ్ళయ్యాక వనపర్తిలో స్థిరపడ్డాను. బావ పోయిన తర్వాత అక్క మగ్గం ఎక్కడం మానేసింది. కొడుకు శీను, కోడలు లక్ష్మి మంచివాళ్ళే, కాని వాళ్ళు దుకాణానికి వెళ్ళిపోతే పొద్దంతా ఆ ఇంట్లో ఒక్కతే. కళ్ళు తిరిగి పడిపోతే దవాఖానకు తీసుకువెళ్ళారు. షుగర్ ఉందన్నారు. మనిషి దిగులుగా కూడా ఉంది, మాట్లాడే వాళ్ళ దగ్గర ఉంచండి అన్నారట. ఇంకేం, నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. అప్పటికే నేను రిటైరై ఉన్నాను. బడిలో పాఠాలు ఆగిపోయాక నా నోటికి పని లేకుండా పోయింది, ఆ ఖాళీలోకి తిండి వచ్చి కూర్చుంది. పొద్దున లేస్తే ఫోనులో సిరిధాన్యాల మీద ప్రసంగాలు వినడం, వాటిని వాకింగులో నలుగురికీ అప్పజెప్పడం. నాగర్‌కర్నూల్‌లో నాతో పనిచేసిన టీచరమ్మ లింగాల నుంచి కొర్రలు తెప్పించి పంపేది. "తిండి సక్కగుంటే మనసు సక్కగుంటది" అన్నది నా మంత్రం. మాట అబద్ధం కాదు, ఇప్పటికీ నమ్ముతాను. ఆ మాటను అక్క మీద ప్రయోగించిన తీరే వేరు.

అక్కను తెచ్చుకున్న మర్నాడే మొదలుపెట్టాను. పొద్దున అంబలి. పగలు జొన్న రొట్టె, ఆకుకూర, పెసరపప్పు. పొద్దు గూకకముందే మళ్ళీ రొట్టె, లేకపోతే కొర్రన్నం. ఆలస్యంగా తింటే షుగర్‌కు మంచిది కాదని అక్కకు ముందుగానే వేరుగా పెట్టేదాన్ని. డైనింగ్ టేబుల్ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి, స్టీలు పళ్ళెంలో అన్నీ కొలతగా సర్ది, ఎదురుగా నిలబడేదాన్ని. నేనూ మా ఆయనా తర్వాత ఎప్పుడో తీరిగ్గా తినేవాళ్ళం. ఆయనకు అన్నం లేనిదే గడవదు. ఆయన అలవాటును నేను మార్చలేకపోయాను, అక్కనైతే మార్చగలననుకున్నాను. నిజం చెప్పాలంటే మార్చాల్సిందేమీ లేదనే నా ధీమా. చిన్నప్పటి నుంచీ అక్కకు రొట్టె అంటే ప్రాణమని మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి. ఆమెకు ఇష్టమైంది, ఒంటికి మంచిది, రెండూ ఒకటే అయినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

అక్క తినేది. పెట్టినంత తినేది, వద్దనేది కాదు, బాగుందనేది కాదు. రాను రాను మాటలు తగ్గిపోయాయి. వచ్చిన కొత్తలో గద్వాల కబుర్లేవో చెప్పేది, తర్వాత అవీ లేవు. కిటికీ పక్కన కూర్చుని చీర కొంగు అంచును బొటనవేలితో రుద్దుకుంటూ ఉండేది. చుక్క నెత్తురు తీసి మిషన్‌లో చూస్తే అంకె దిగుతోంది. అంకె దిగుతుంటే అక్క బాగుపడుతోందనుకున్నాను. ఒకరోజు రొట్టె వడ్డిస్తూ హుషారుగా అన్నాను: "మనం చిన్నప్పుడు గివే తింటుంటిమి గద అక్కా. నూనె తక్కువ, ఆకుకూరలు ఎక్కువ. అందుకే ఎంత సంతోషంగ ఉంటిమి!"

అక్క రొట్టె తుంచుతూ తలెత్తకుండా, "నువ్వుంటివి" అంది.

వినిపించింది. అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని అనిపించనూ లేదు. టీచర్లకు ఈ జబ్బు ఒకటుంటుంది, మనం అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబు తప్ప వేరే మాట చెవికెక్కదు.

మా చిన్ననాటి ఇంటి సంగతి చెప్తే తప్ప ఆ మాట మీకూ అర్థం కాదు. నట్టింట్లో గుంట మగ్గం. అటు నాయిన, ఇటు అమ్మ. గద్వాల చీరకు నడుమంతా నూలు, అంచు పట్టు. నూలునూ పట్టునూ కలిపి నేయాలంటే మగ్గం మీద ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు లేచారంటే రెండోవారి చేయి ఆగినట్టే. అందుకే మా వాడలో ఆలుమగలు ఎంత కొట్లాడుకున్నా మగ్గం మీద మాత్రం పక్కపక్కనే ఉండేవాళ్ళు. కలిసి దిగేవాళ్ళు, కలిసి తినేవాళ్ళు, మూతులు ముడుచుకునే మళ్ళీ కలిసి ఎక్కేవాళ్ళు. మగ్గం మీదున్న అమ్మ పొయ్యి దగ్గర ఎట్లా ఉంటుంది? అందుకని పొయ్యి అక్కకు వచ్చింది. ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు, నాకు ఊహ తెలిసేసరికే అక్క పొయ్యి ముందుంది. బడికి ఎందుకు పోవడం లేదని ఆమెను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

పొద్దున నాకు మెలకువ వచ్చేది రొట్టె చప్పుడుకే. కట్టెల పొగ, పెనం మీద కాలుతున్న జొన్న పిండి వాసన, మూలన నానుతున్న రంగు నూలు వాసన అన్నీ కలిసిపోయి ఉండేవి. గడప దగ్గర మా అవ్వ, అంటే నాయినకు తల్లి, రాట్నం పెట్టుకుని కండెలు చుట్టేది. నోట్లో పండ్లు లేవు, కళ్ళు అంతంతే, చెవులు మాత్రం పాము చెవులు. వంటింట్లో అక్క రొట్టె తడుతుంటే ఆ చప్పుడును బట్టే, "ఏమే అనసూయా, మందమైతుంది రొట్టె! దినాం జెప్పాల్నానే నీకు?" అని అరిచేది. అక్క ఇంకొంచెం పల్చగా తట్టేది. అవ్వ తన రొట్టెను మజ్జిగలో నానేసుకుని, మధ్యాహ్నం దాకా దాంతోనే కుస్తీ పట్టేది. నాయిన ఉల్లిగడ్డను పిడికిలితో గుద్ది పగలగొట్టి, పల్లీల కారంతో మాట్లాడకుండా తినేవాడు. తిన్నాక అమ్మా నాయినా శనగపిండితో చేతులు రుద్ది రుద్ది కడుక్కునేవాళ్ళు. నూనె చేయి పట్టుకు తగిలిందంటే చీర పనికిరాకుండా పోయినట్టే. మా కూరల్లో నూనె బొట్టు కనబడకపోవడం కూడా అందుకే. వాకింగులో అందరికీ "మా పెద్దలకు ఆరోగ్యం మీద ఎంత శ్రద్ధో" అని గొప్పలు చెప్పాను గాని, ఆ శ్రద్ధ మా గుండెల మీద కాదు, చీర మీద.

ఇక అన్నం. అన్నం మా ఇంట్లో రోజూ ఉండేది కాదు. పడుగు రోజు ఉండేది. కొత్త పడుగు, అంటే చీరకు నిలువు దారాలు, తయారైనప్పుడు దాన్ని వీధి పొడుగునా సాగదీసి, ఎండ ముదరకముందే గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వాలి. గంజి లేకపోతే నూలు మగ్గం మీద పటపటా తెగిపోతుంది. ఆ గంజి కోసం అన్నం వండేవాళ్ళు. నీళ్ళు బాగా పోసి, మెత్తగా ఉడికించి, గంజంతా వార్చి పడుగుకు తీసుకుపోయేవాళ్ళు. అన్నంలో బలమంతా దారానికే పోయేది, మాకు మిగిలింది మెతుకులు. అయినా ఆ మెతుకుల కోసం నేను ముందు రోజు నుంచే చొంగ కార్చేదాన్ని. తెల్లటి అన్నం, చింతచిగురు పప్పు, పచ్చిపులుసు. పడుగు పట్టడానికి సాయం వచ్చిన ఇరుగుపొరుగు వాళ్ళకు ముందు పెట్టాలి, అది మర్యాద. తర్వాత అమ్మా నాయినా. "సదువుకునే పిల్ల, దానికింత ఎక్కువ పెట్టు" అని నాయిన అనేవాడు. అక్క నాకు కుప్పగా వడ్డించేది. పప్పు కారిపోకుండా నడుమ గుంట చేసి మరీ పోసేది. నేను రెండోసారి పళ్ళెం చాపితే గిన్నె వంచి ఊడ్చి పెట్టేది. ఎప్పుడన్నా అమ్మకు గుర్తొచ్చి, "నీకున్నదానే?" అని అడిగితే, "నాకు అన్నం ఎక్కదమ్మా, పొద్దుగాలటి రొట్టె ఉంది" అనేది. అంటూ తలుపు చాటున నిలబడి ఆ అట్టలాంటి రొట్టె తినేది. అట్లా "అనసూయకు రొట్టె అంటే పానం" అన్న మాట ఇంట్లో స్థిరపడిపోయింది. నాయిన అనేవాడు, అవ్వ అనేది, నేనూ అనేదాన్ని. నా పెళ్ళయ్యాక మా ఆయనకు కూడా చెప్పాను.

ఆ నమ్మకంతోనే కదా ఇన్నేళ్ళ తర్వాత రొట్టెలు కాల్చి పెట్టాను.

ఒక మధ్యాహ్నం మార్కెట్టుకు వెళ్ళి, తోటకూర, మెంతికూర కట్టలు పట్టుకుని తిరిగొచ్చాను. అక్క కుర్చీలో లేదు. వంటింట్లోకి వెళితే తలుపు వెనక, గోడకు ఆనుకుని నిలబడి ఉంది. మా ఆయన కోసం వండిన అన్నం గిన్నె మూత తీసి ఉంది. ఎడమ చేతిలో పచ్చిపులుసు గ్లాసు, కుడి అరచేతిలో అన్నం. పళ్ళెం కూడా పెట్టుకోలేదు. నన్ను చూసి నోట్లో ముద్ద నమలడం ఆపేసింది.

"అయ్యో అక్కా, గిదేం పని? గీ వయసుల దొంగతిండానే?" అన్నాను.

నోరు జారాను అంటారు చూడండి, అట్లా కాదు, నిండు నోటితోనే అన్నాను. నేను పడుతున్న కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరైపోయిందని ఒళ్ళు మండింది. అప్పుడే మా ఆయన నా వెనకాల వచ్చి నిలబడ్డాడు. ఆయన్ను చూసి అక్క కొంగు సర్దుకుంది. నేనింకా ఆపలేదు. "నీకు అన్నం ఎక్కదంటివి గద చిన్నప్పటి సంది! ఇప్పుడెట్ల ఎక్కుతుంది?"

"ఎక్కదని ఎవరన్నరు?"

"నువ్వే అంటివి."

అక్క అరచేతిలో మిగిలిన మెతుకులను గిన్నె పక్కన జాగ్రత్తగా పెట్టింది. "నేను అట్ల అనకుంటే నీకేడికెల్లి సరిపోతుండె?" అంది. కోపంగా కాదు, ఉప్పు ఏ డబ్బాలో ఉందో చెప్పినట్టు చెప్పింది. చేయి కడుక్కుని వెళ్ళి మంచం మీద కూర్చుంది.

ఆ క్షణంలోనే కాళ్ళ మీద పడాల్సింది. పడలేదు. షుగర్ గురించి, కండ్లు పోతాయని, కిడ్నీలు పోతాయని ఇంకా ఏవేవో చెప్పాను. మా ఆయన చూస్తుంటే తగ్గడం నామోషీ అనిపించింది కాబోలు. సాయంత్రం కూడా రొట్టే పెట్టాను. తిన్నది. మర్నాడు పొద్దున సంచి సర్దుకుని, "పోత పద్దీ, ఇల్లు చూసి శాన దినాలాయె" అంది. బస్టాండుకు మా ఆయన తోడు వెళ్ళాడు. తిరిగొచ్చి నాతో, "మీ అక్క బస్సెక్కినంక నవ్వింది, వచ్చినకాన్నుంచి గా నవ్వు సూడలే" అని మాత్రం అన్నాడు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు, అదే చాలింది నాకు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు లక్ష్మి ఫోను చేసింది. "చిన్నత్తా, ఒక్కసారి వచ్చిపో. అత్త ఏం పెట్టినా ముడ్తలేదు. అన్నం పెడితే షుగర్ అంటది, రొట్టె పెడితే గోడదిక్కు తిరుగుతది. నువ్వేమన్న అన్నవా ఆమెను?" పిల్ల అమాయకంగా అడిగింది. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. అన్నాను తల్లీ, అన్నాను. ఉన్న ఒక్క తిండిని చేదు చేసి పెట్టాను. ఇప్పుడామెకు అన్నం చూస్తే దొంగతనం గుర్తొస్తోంది, రొట్టె చూస్తే చిన్నతనం గుర్తొస్తోంది. ఇంకేం తింటుంది?

గద్వాల వెళ్ళాను. దారిలోనే దవాఖానకు వెళ్ళి అక్కను చూసే డాక్టరును కలిశాను. కుర్రవాడు. నా సిరిధాన్యాల ప్రసంగం మొదలుపెట్టబోతే మధ్యలోనే ఆపాడు. "జొన్నలు మంచియే అమ్మా. కని ఆమె ముందుగాల తినాలె గద. పిడికెడు అన్నం, దానికి రెండింతలు కూర, పప్పు పెట్టండి. మందులు మాత్రం ఆపొద్దు. దిగులు తగ్గకుంటే దానికీ మందుంది, తీసుకురాండి" అన్నాడు. ఇంతే. ఇంత చిన్న సంగతి నేను ఒక్కసారైనా ఎవరినీ అడగలేదు. అడగాల్సిన పని లేదనుకున్నాను, అన్నీ నాకు తెలుసు కదా! కడుపు నిండిన బేరం అంటే ఇదే. అన్నం నిండుగా తిన్న నోటికే అన్నం వద్దని చెప్పే ఓపిక ఉంటుంది.

అక్క నట్టింట్లో చాప మీద పడుకుని ఉంది. పక్కన ఖాళీ మగ్గం, మీద దుప్పటి కప్పి ఉంది. బుగ్గలు లోపలికి పోయాయి. నన్ను చూసి లేవబోయి లేవలేకపోయింది. "ఎప్పుడొస్తివే? చాయ తాగినవా?" అని అడిగింది. నేను నేరుగా వంటింట్లోకి పోయాను. ఏడవడానికి అక్కడ చోటు దొరుకుతుందనుకున్నాను, లక్ష్మి ఉంది. ఆమెను పక్కకు జరిపి, అన్నం వండాను. గంజి వార్చకుండా, ఆవిరికి ఇగిరేలా. చింతచిగురు పప్పు చేశాను, పుంటికూర వేయించాను. పీట వేసి, అక్కను నెమ్మదిగా లేపి కూర్చోబెట్టి, ఆమె ఒక్కదానికే పళ్ళెం పెట్టాను. అందరికంటే ముందు. పప్పుకు నడుమ గుంట చేశాను. ఇన్నేళ్ళ బాకీ తీర్చేసినట్టు ఒక పిచ్చి సంతోషం నాకు.

అక్క పళ్ళెం వైపు చూస్తూ కూర్చుంది. చేయి ఒళ్ళో నుంచి కదల్లేదు.

"తిను అక్కా. డాక్టరే తినమన్నడు. తప్పు నాదే, నేనన్న మాట మర్చిపో. నీ కాళ్ళు పట్టుకుంట."

"అది కాదే" అంది అక్క. "ఒక్కదాన్నే తినరాదు నాకు. అమ్మగారింట్ల నిలవడి తింటి, ఈడికొచ్చినంక మీ బావతోని తింటి. మగ్గం దిగితే ఇద్దరం దిగుతుంటిమి గద. ఆయన పళ్ళెం ముందట పెట్టుకొని, నేనొచ్చిందాక ముట్టకపోతుండె. నీ ఇంట్ల కుర్చీల కూసోవెడితివి, ఎదురుంగ నిలవడితివి. గొంతు దిగకపాయె పద్దీ. రొట్టైతేంది, అన్నమైతేంది."

నేను అక్కకు ఏం పెట్టాలో ఆలోచించాను, ఎంత పెట్టాలో కొలిచాను. పక్కన కూర్చోవాలని మాత్రం తట్టలేదు. బావ ఏ పుస్తకమూ చదవలేదు, ఏ ప్రసంగమూ వినలేదు. ఆకలేసినా ఆమె కోసం ఆగాడు, అంతే. అక్క జీవితంలో కడుపు నిండా తిన్న రోజులు అవే అయి ఉంటాయి. మేము అప్పుడు లేక ఆమెకు రొట్టె పెట్టాం, ఇప్పుడు అన్నీ ఉండి రొట్టె పెట్టాను. రెండుసార్లూ ఆమెను వేరుగానే పెట్టాం.

ఇంకో పళ్ళెం తెచ్చుకుని ఆమె ఎదురుగా కింద కూర్చున్నాను. గిన్నె మా ఇద్దరి నడుమ పెట్టి, నా పళ్ళెంలోనూ కొంచెం వడ్డించుకున్నాను. అక్క అన్నంలో పప్పు కలిపింది. మెల్లగా ముద్ద చేసింది. తింటుందనుకుంటే ఆ ముద్ద నా నోటి దగ్గరికి తెచ్చింది. వద్దనాలి. ఈ ఒక్కసారైనా వద్దనాలి. కాని నేను వద్దంటే ఆ చేయి కిందికి దిగుతుంది, దిగితే మళ్ళీ లేవకపోవచ్చు. నోరు తెరిచాను. ఆ రోజు కూడా మొదటి ముద్ద నేనే తిన్నాను.

రెండో ముద్ద అక్క తిన్నది. నమిలింది, మింగింది. మూడోది, నాలుగోది. లక్ష్మి తలుపు దగ్గర నిలబడి కొంగుతో మూతి మూసుకుంది. పళ్ళెం ఖాళీ చేసి అక్క దాన్ని కొంచెం ముందుకు జరిపింది. "ఇంగ జర ఎయ్యి" అంది. అక్క నోట ఆ మాట నేనెన్నడూ వినలేదు. గరిటె పట్టుకున్న నా చేయి ఒక్క గడియ ఆగింది, షుగర్ గుర్తొచ్చి. ఛీ, నా బుద్ధి. గిన్నెలో మిగిలింది ఒక్కరికి సరిపోయేంతే ఉంది. అది ఆమెకే పెట్టి, పైన కూర ఎక్కువగా వేశాను.

అక్క గిన్నె వైపు చూసి, నా పళ్ళెం వైపు చూసింది. "నీకు సరిపాయెనా పద్దీ?"

"సరిపాయె" అన్నాను. "నాకు గిట్ల అన్నం ఎక్కువ ఎక్కదు."

అక్క నా ముఖంలోకి కాసేపు చూసింది. నమ్మలేదు. ఆ మాట ఎట్లా ఉంటుందో ఆమెకంటే ఎవరికి తెలుసు! అయినా తల వంచుకుని తిన్నది. నేను తడి ఆరిపోతున్న ఎంగిలి చేతితో ఆమె ముందు కూర్చున్నాను, కడుపులో ఆకలి మండుతుంటే, ఆమె పళ్ళెం ఊడ్చేదాకా.